బకెట్‌కి పెట్టిన హెల్మెట్

పూలు నలిగిపోతాయని ఆ రోజు నేను హెల్మెట్ పెట్టుకోలేదు. ఇంతకంటే గొప్ప కారణమేమీ లేదు. శనివారం. నెల్లూరులో చర్చిలో మా తోటి టీచరు కూతురి పెళ్ళి. ఒంటి మీద పట్టుచీర, తలలో రెండు మూరల మల్లెపూలు. హెల్మెట్ మాత్రం స్కూటీ డిక్కీలో భద్రంగా ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా పిల్లలకి క్రమశిక్షణ నూరిపోస్తున్న తెలుగు టీచర్ని, యాభై దాటినదాన్ని, మల్లెపూల కోసం తలకాయని గాలికి వదిలేసి బయల్దేరాను.

సముద్రం వైపు ఊళ్ళ నుంచి నెల్లూరు వెళ్ళే రోడ్డులో కాలవ వంతెన దిగగానే ఒక మలుపు ఉంది. వంతెన ఎక్కేవాళ్ళకి కనపడదు కాబట్టి పోలీసులు ఎప్పుడు నిలబడినా అక్కడే నిలబడతారు. ఆ సంగతి మా వైపు అందరికీ తెలుసు. ఎదురొచ్చేవాళ్ళు లైటు కొట్టి చెప్తారు, లేదంటే అరచెయ్యి నెత్తిన పెట్టి చూపిస్తారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళం కూడా పోలీసుల దగ్గరికి వచ్చేసరికి ఒక్కటైపోతాం. ఆ రోజు పాలక్యాన్ల ఆయన ఒకాయన నాకూ లైటు కొట్టాడు. పట్టుచీర చూసి కొట్టాడనుకుని మొహం అటు తిప్పుకున్నాను. నా ఖర్మ.

బండి పూర్తిగా ఆగకముందే ఒక కానిస్టేబుల్ చెయ్యి పెట్టి తాళం లాగేశాడు. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడు ఉంటాడు. "దిగుమా, దిగు. పక్కన పెట్టు" అన్నాడు. నన్ను నడిరోడ్డులో అంత తేలిగ్గా పిలిచినవాళ్ళు ఈమధ్య ఎవరూ లేరు.

"హెల్మెట్ ఉంది. డిక్కీలో ఉంది" అన్నాను.

"డిక్కీకి ఏం దెబ్బ తగలదులేమా" అన్నాడు. పక్కన నిలబడ్డవాళ్ళు కిసుక్కుమన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

నాకంటే ముందే ఒకతన్ని ఆపి ఉంచారు. నలభై ఏళ్ళుంటాయి. మోకాళ్ళ దాకా మడిచిన ప్యాంటు, పిక్కల మీద ఎండిన బురద, పాత మోపెడ్. కాళ్ళు పెట్టుకునే చోట చిన్న ఎర్ర బకెట్. బకెట్ మూతి మీద నల్ల హెల్మెట్ బోర్లించి, ఊడిపోకుండా సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కట్టాడు. లోపలినుంచి గుర్రుమని సన్నగా ఏదో చప్పుడు.

"ఏందిరా ఇది? హెల్మెట్ బకెట్‌కి పెట్టినావా?" అన్నాడు కానిస్టేబుల్.

"రొయ్యలు సార్. ల్యాబ్‌కి ఎత్తకపోతా ఉండా. గతుకుల్లో నీళ్ళన్నీ తొణికిపోతా ఉంటే మూసినా. ఎండ గూడా పడతా ఉండాది గదా."

"అంటే నీ తలకాయ కంటే రొయ్య తలకాయ ఎక్కువా?"

అతను ఆలోచించాడు. నిజంగానే ఆలోచించి, "ఇప్పటికైతే అవును సార్" అన్నాడు.

అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. నా సంగతి మర్చిపోయి మరీ నవ్వాను.

అతను ఏమంటున్నాడో అక్కడ అర్థమైనవాళ్ళలో నేనొకదాన్ని. తోటపల్లి గూడూరు వైపు రొయ్యల గుంటల మధ్యనుంచే రోజూ బడికి వెళ్ళొస్తాను. గుంటకి జబ్బు తగిలితే రొయ్యలు అడుగున ఉండవు, నీరసంగా గట్టు పక్కకి వచ్చేస్తాయి. అప్పుడు నాలుగింటిని ప్రాణంతో ల్యాబ్‌కి పట్టుకెళ్ళాలి. చచ్చినవాటిని వాళ్ళు ముట్టుకోరు. జబ్బేదో తేలితే ఉన్న పంటని వెంటనే పట్టేసుకోవచ్చు. తేలకపోతే రెండు రోజుల్లో గుంటకి గుంటే తేలిపోతుంది. అతను కానిస్టేబుల్‌కి అదే చెప్పుకుంటున్నాడు. శనివారం ల్యాబ్ పన్నెండింటి దాకే ఉంటుందని, ఆదివారం ఉండదని, తాను గుంట కాపలావాణ్ణని, ఓనరు మద్రాసులో ఉన్నాడని, గట్టు మీద షెడ్డులో పెళ్ళాంతో ఉంటున్నానని, పంట పోతే ఆ షెడ్డులో కూడా ఉండనివ్వరని. ఒక్క గుక్కలో చెప్పేశాడు. కానిస్టేబుల్ చెవిలో వేలు పెట్టి తిప్పుకుంటూ విన్నాడు.

"అదంతా క్లాసులో చెప్పుకో" అన్నాడు.

క్లాసు అంటే ఏమిటో మాకు అప్పటిదాకా తెలియదు. ఫైన్ కట్టించుకుని వదిలేస్తారనుకున్నాం. కొత్త ఎస్.ఐ. వచ్చాడట, ఫైన్ వేస్తే జనానికి బుద్ధి రావడం లేదని, పట్టుకున్నవాళ్ళని పట్టుకున్నట్టే స్టేషన్‌కి తీసుకెళ్ళి పాఠం చెప్తున్నాడట. ఇరవై మందిమి మా బండ్లు మేమే తోసుకుంటూ స్టేషన్ దాకా నడిచాం. అతను మోపెడ్ తోస్తూనే ఒక చెయ్యి బకెట్ మీద వేసి ఉంచాడు.

పట్టుచీరతో బండి తోస్తుంటే నాకు మా నాన్న గుర్తొచ్చాడు. నాకు ఏడేళ్ళప్పుడు ఒక సాయంత్రం నాన్న నన్ను సైకిల్ కడ్డీ మీద కూర్చోబెట్టుకుని ప్రార్థన కూటం నుంచి ఇంటికి తెస్తున్నాడు. సైకిల్‌కి లైటు లేదని ఒక కానిస్టేబుల్ ఆపాడు. వయసులో నాన్నకి తమ్ముడిలా ఉంటాడు. "ఏంరా, కళ్ళు నెత్తికెక్కినాయా?" అని, నా కళ్ళ ముందే చెంప మీద ఒక్కటి కొట్టి, రెండు చక్రాలకీ గాలి తీసేశాడు. చంకలో బైబిల్ పెట్టుకుని నిలబడ్డ మనిషిని కొట్టాడు. నాన్న రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి, "మీ దయ సార్" అన్నాడు. అది దేనికి దయో నాకు అర్థం కాలేదు. గాలి లేని సైకిల్ తోసుకుంటూ ఇంటికి నడిచాం. దారిలో, "అమ్మకి చెప్పొద్దు తల్లీ" అన్నాడు. నేను ఇప్పటివరకూ ఎవరికీ చెప్పలేదు. ఖాకీ బట్టలంటే నాకున్న అసహ్యం అక్కడ మొదలైంది. మనల్ని "రా" అనడం వాళ్ళ హక్కు, వాళ్ళని "సార్" అనడం మన విధి. మధ్యలో ఇంకో మాట లేదు. పెద్దయ్యాక కూడా నా అభిప్రాయం మారలేదు. ఆ శనివారం మధ్యాహ్నం దాకా మారలేదు.

స్టేషన్ వెనక రేకుల షెడ్డు. వరసగా ప్లాస్టిక్ కుర్చీలు, గోడకి తెల్ల గుడ్డ. తాళాలన్నీ ఒక స్టీలు పళ్ళెంలో వేశారు, ఫోన్లు ఆపించి అందులోనే పడేయించారు. బకెట్ లోపలికి తేవద్దన్నారు. అతను దాన్ని గుమ్మం బయట నీడ చూసి పెట్టి, లోపల గుమ్మానికి దగ్గరి కుర్చీలో కూర్చున్నాడు. అక్కడికి గుర్రుమనే చప్పుడు వినిపిస్తోంది. బ్యాటరీతో నడిచే చిన్న గాలి మిషన్. నీళ్ళలోకి గాలి ఊదుతుంది, రొయ్యలు బతికి ఉంటాయి.

ఎస్.ఐ. వచ్చాడు. ముప్పై లోపే. ఇస్త్రీ నలగని చొక్కా. తెల్ల గుడ్డ మీద ఫోటోలు వేశాడు. వద్దు, వాటి గురించి రాయను. హెల్మెట్ లేని తలలు ఎలా అవుతాయో చూపించాడు, అంతే. ఒకామె కొంగు నోట్లో కుక్కుకుంది. "వీటిని ఎత్తింది నేను. ఇండ్లకి ఫోన్ చేసి చెప్పింది నేను. మీరు నన్ను తిట్టుకుంటా ఇంటికి పోతారు, పోండి. కానీ పోయేది ప్రాణంతో పోతారు" అన్నాడు. అందులో అబద్ధం ఏమీ లేదు. నాకు మనసులో మెచ్చుకోబుద్ధేసింది.

అప్పుడు అతని చూపు నా మీద పడింది. చటుక్కున నిలబడిపోయాడు.

"మేడం! మీరా? మీరు ఈడ కూర్చున్నారేంది మేడం?"

నేను గుర్తుపట్టలేదు. మా బడిలో ఎనిమిదో తరగతి నా దగ్గర చదువుకున్నాడట. వేల మంది చదువుకున్నారు, ఎవరని గుర్తుంటుంది? కానీ ఇరవై మంది ముందు ఒక ఎస్.ఐ. నాకోసం నిలబడ్డాడు. నన్ను "దిగుమా" అన్న కానిస్టేబుల్ మొహం అప్పుడు చూడాలి! ఎస్.ఐ. గారే స్వయంగా పళ్ళెంలోంచి నా తాళం వెతికి తీసి రెండు చేతులతో ఇచ్చాడు. తన కుర్చీ పక్కన కుర్చీ వేయించాడు. అందరి వైపు తిరిగి, "మీరిప్పుడు రాయబోతా ఉండారే, ఆ ఇంపోజిషన్ నాకు నేర్పింది ఈ మేడమే. ఫైన్ కడితే మర్చిపోతారు, చేత్తో రాస్తే చచ్చేదాకా గుర్తుంటాదని ఆ రోజుల్లోనే చెప్పినారు" అన్నాడు.

ఇంపోజిషన్‌కి నేను పేరు మోసినదాన్ని. దెబ్బ కొట్టను, అరవను. వంద సార్లు రాయిస్తాను. ఇన్నేళ్ళలో నాకు దక్కిన పొగడ్త అదొక్కటే. ఉబ్బితబ్బిబ్బయ్యానంటే నమ్మండి. మల్లెపూలు సర్దుకున్నాను.

అందరికీ కాగితాలు పంచారు. 'నేను హెల్మెట్ లేకుండా బండి నడపను' అని వంద సార్లు రాయాలి. రాసినవాళ్ళకి తాళం ఇస్తారు. ఎస్.ఐ. నాతో, "మీరు బయల్దేరండి మేడం, పెళ్ళికి ఆలస్యమైపోతాది" అన్నాడు. నేను లేచాను కూడా.

అప్పుడు గుమ్మం దగ్గరి మనిషి చెయ్యి ఎత్తాడు. బళ్ళో పిల్లలు ఎత్తినట్టే ఎత్తాడు.

"సార్, ఆమె గూడా నాతోనే పట్టుబడింది సార్. ఆమె హెల్మెట్ డిక్కీలో ఉండాది, నాది బకెట్ మీద ఉండాది. ఆమెని పంపిస్తా ఉండారు గదా, నన్ను గూడా పంపీండి. సాయంత్రం వచ్చి రెండొందల సార్లు రాస్తా. పన్నెండు దాటితే ల్యాబ్ మూసేస్తారు సార్."

ఎక్కడో ఒకరు నవ్వారు. ఆ తర్వాత షెడ్డంతా నవ్వారు. ఈసారి నా మీద నవ్వారు. "అవును గదా, ఆమె మాత్రం ఏం తక్కువ తిన్నాది?" అని వెనకనుంచి ఒక ఆడగొంతు. నాకు తల కొట్టేసినట్టయింది. అతను నన్ను అవమానించాలని అనలేదు, ఇప్పుడు నాకు తెలుసు. ఆ మనిషికి నా పట్టుచీరా, నా గౌరవమూ కనపడనే లేదు. కనపడిందల్లా తెరిచి ఉన్న గుమ్మం.

"ఆమె ఎవరనుకున్నావురా? నోరు మూసుకొని రాయి!" అని అరిచాడు ఎస్.ఐ.

నేను మళ్ళీ కూర్చున్నాను. "పర్లేదు బాబూ, పెళ్ళికి ఇంకా టైముంది. పేపర్లు నేను చూసిపెడతాను. నువ్వు నీ పని చూసుకో" అన్నాను. నా హ్యాండ్‌బ్యాగులో ఎర్ర పెన్ను ఎప్పుడూ ఉంటుంది. తీశాను. ఎస్.ఐ. సంబరపడి, మేడం దిద్దితేనే తాళం అని చెప్పి, స్టేషన్‌లోకి వెళ్ళిపోయాడు.

నాకు ఎవరూ యూనిఫాం వేయలేదు. అయినా ఆ కుర్చీలో కూర్చున్న క్షణం నుంచి అందరి వెన్నులూ నిటారయ్యాయి. నన్ను చూసి నవ్వినామె "మేడం గారూ, ఇది సరిపోతాదా?" అని వంగి అడిగింది. "సరిపోదు. చేతిరాత కుదురుగా ఉండాలి, మళ్ళీ రాయి" అన్నాను. హాయిగా ఉంది. దాచుకోవడం దేనికి, హాయిగానే ఉంది. పోలీసులు మనుషుల్ని ఎందుకలా చూస్తారో ఆ గంటలో నాకు తెలిసింది. అవతలివాళ్ళ తాళం మన దగ్గరుంటే, వాళ్ళు మాట్లాడే ప్రతి మాటా సాకులాగే వినిపిస్తుంది.

పదకొండు గంటలకి గుర్రుమనే చప్పుడు ఆగిపోయింది.

అతని పెన్ను ఆగింది. లేచి బయటికి వెళ్ళి, హెల్మెట్ తీసి, చెయ్యి బకెట్‌లో పెట్టి నీళ్ళు కలబెట్టాడు. గబగబా వచ్చి నాలుగు వాక్యాలు రాశాడు. మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ వచ్చాడు. తడి చేతులతో కాగితం మీద సిరా అలుక్కుపోతోంది.

"ఇది రాసుకునే చోటనుకున్నావా, సంతనుకున్నావా?" అన్నాను.

"బ్యాటరీ అయిపొయ్యిందమ్మా. చేత్తో కలబెడతా ఉంటే కాసేపు నిలబడతాయి."

"రాయడం అయ్యాక కలబెట్టుకో. ఇంకోసారి లేస్తే కాగితం చించేస్తాను, మొదటినుంచీ రాయాలి."

అతను నా మొహంలోకి చూశాడు. ఎగతాళి చేస్తున్నానేమోనని చూశాడనుకుంటా. తర్వాత కూర్చుని తల వంచుకుని రాశాడు. చదువు ఏ నాలుగో తరగతిలోనో ఆగిపోయినట్టుంది, ఒక్కో అక్షరాన్నీ గీసినట్టు రాస్తున్నాడు. తక్కినవాళ్ళు ఒక్కొక్కరే రాసి, తాళం తీసుకుని, నాకు నమస్కారం పెట్టి వెళ్ళిపోతున్నారు. బయట వాళ్ళ బండ్లు స్టార్టయినప్పుడల్లా అతని మెడ అటు తిరిగేది.

పన్నెండుకి ఇరవై నిమిషాలుండగా కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. కూర్చోలేదు, నిలబడలేదు, మధ్యలో వంగిపోయి ఉన్నాడు.

"అమ్మా, ఒక్క మాట చెప్పమ్మా సార్‌కి. నువ్వు చెప్తే వింటాడు. ఇప్పుడు పోతే అందుకుంటా. అవింకా కదల్తా ఉండాయమ్మా, ఈడనించే చూసినా."

నేను కాగితం తీసుకుని వాక్యాలు లెక్కపెట్టాను. నెమ్మదిగా, ఎర్ర పెన్ను మొనతో ఒక్కొక్కదాన్నీ తాకుతూ లెక్కపెట్టాను. అరవై ఒకటి.

నేను నోరు తెరిస్తే చాలు. ఎస్.ఐ. పక్క గదిలోనే ఉన్నాడు, టీ తాగుతున్న చప్పుడు వినిపిస్తోంది. తెలియక చేశానని చెప్పలేను. గుంటంటే ఏమిటో తెలుసు, జబ్బంటే తెలుసు, గట్టు మీద షెడ్డులో వాళ్ళు ఎలా బతుకుతారో తెలుసు. అన్నీ తెలిసి, 'నన్ను నవ్వులపాలు చేశావు కదా' అన్న ఒక్క మాట మనసులో తిప్పుకుంటూ కూర్చున్నాను.

"ఇంకా ముప్పైతొమ్మిది ఉన్నాయి" అన్నాను.

అరవై ఒకటో వాక్యం కింద ఎర్రగీత గీసి ఇచ్చాను.

అతను వెళ్ళి కూర్చున్నాడు కానీ రాయలేదు. పెన్ను కాగితం మీద పెట్టి, గుమ్మం బయటికి చూస్తూ ఉండిపోయాడు. గోడ గడియారం పన్నెండు కొట్టదు, ఉత్తినే ముల్లు దాటిపోతుంది. దాటిపోయింది. అతను ఒక్కసారి మాత్రం గట్టిగా ఊపిరి వదిలాడు.

ఒంటిగంటకి ఎస్.ఐ. వచ్చాడు. మిగిలింది అతనొక్కడే. "అయిందా మేడం?"

"ఈయనవి ముప్పైతొమ్మిది తక్కువున్నాయి" అన్నాను.

"మీరేం మారలేదు మేడం" అని నవ్వి, "ఒరేయ్, మిగతాయి ఇంటికాడ రాసి మేడం గారి బడికాడ ఇచ్చిరా. ఇయ్యకపోతే నీ పేరు రిజిస్టర్‌లోనే ఉంటాది, మళ్ళా పిలిపిస్తా" అని తాళం అతని ఒళ్ళోకి విసిరాడు. నేను పెద్దమనసు చేసుకున్నట్టు మా బడి ఎక్కడో చెప్పాను.

అతను బయటికి వెళ్ళి బకెట్ పక్కన గొంతుక్కూర్చున్నాడు. రొయ్యలు తెల్లగా పాలిపోయి అడుగున పక్కకి ఒరిగి ఉన్నాయి. ఒకదాన్ని వేలితో కదిపి చూశాడు. తిట్టలేదు, ఏడవలేదు. నీళ్ళని గోడ వారన ఒంపేశాడు. తర్వాత ఆ తడి హెల్మెట్‌ని తీసి నెత్తిన పెట్టుకుని, పట్టీ గడ్డం కింద బిగించుకున్నాడు. నీళ్ళు మెడ మీదుగా చొక్కాలోకి కారుతుండగా మోపెడ్ స్టార్ట్ చేసి, నెల్లూరు వైపు కాకుండా సముద్రం వైపుకి తిప్పుకున్నాడు. రూల్ ప్రకారం వెళ్ళాడు.

ఎస్.ఐ. నన్ను స్కూటీ దాకా సాగనంపాడు. "గుర్తుందా మేడం, నేను నాలుగు రోజులు బడికి రాకపోతే నా చేత అయిదొందల సార్లు రాయించినారు, 'నేను అబద్ధం చెప్పను' అని" అన్నాడు.

"ఎందుకు రాయించాను?"

"మా నాయనకి బాగలేదంటే మీరు నమ్మలేదు. నిజంగానే బాగలేదు మేడం. నేను రాస్తా ఉన్న వారంలోనే పొయ్యినాడు." మొహంలో కోపం ఏమీ లేదు. పైగా నవ్వుతున్నాడు. "కానీ ఒకటి మేడం, చేతిరాత మాత్రం బాగుపడింది. అప్పుడే అనుకున్నా, మనం కూడా ఎదుటోళ్ళ మాట నమ్మకూడదు, నమ్మితే పని జరగదు అని."

డిక్కీలోంచి హెల్మెట్ తీసి పూల మీదే పెట్టుకున్నాను. పెళ్ళిలో అందరూ పూలు వాడిపోయాయేంటని అడిగారు. ఎండ అన్నాను. బిరియాని తిన్నాను, ఫోటో దిగాను.

మంగళవారం బడికి వెళ్తుంటే తోటపల్లి గూడూరు రోడ్డులో కంపు. ఒక గుంట గట్టు మీద చచ్చిన రొయ్యలు కుప్పలు పోసి సున్నం చల్లుతున్నారు. పక్కన షెడ్డు తలుపు తెరిచి ఉంది, ముందు ఒక ఎర్ర బకెట్ బోర్లించి ఉంది. మా వైపు ఎర్ర బకెట్ లేని ఇల్లు ఉండదని నాకు నేను చెప్పుకుని, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయాను. ఆ వారమంతా ఇంకో దారిన వెళ్ళాను. దూరమైనా.

పది రోజుల తర్వాత ఇంటర్వెల్‌లో మా బడి ఆయా నవ్వుకుంటూ వచ్చింది. "గేటు కాడ ఎవరో ఆడమనిషమ్మా. పోలీసమ్మగారు కావాలంటా ఉండాది. ఈడ పోలీసమ్మ ఎవరే అంటే, ఎర్ర పెన్నామె అంటాది" అంది.

వెళ్ళాను. ముప్పై అయిదేళ్ళ మనిషి. చెప్పులు గేటు బయట విడిచి, కాలే నేల మీద నిలబడింది. చేతిలో ప్లాస్టిక్ కవరు. నన్ను చూడగానే కొంగు భుజాల మీదుగా కప్పుకుని, చూపు దించుకుంది.

"ఆయన రాసినాడమ్మా. చూసుకోండి" అంటూ కవర్లోంచి మడిచిన కాగితం తీసింది.

"ఆయన రాలేదేం?"

"ఈ రోడ్డున పోలీసులు ఉంటారని రానన్నాడమ్మా. నన్ను అడ్డదోవన దించి, ఆ మలుపు అవతలే నిలబడినాడు." కవరు మడుచుకుంటూ, "ఓనరు షెడ్డు ఖాళీ చెయ్యమన్నాడు. దొరవారిసత్రం పోతా ఉండామమ్మా, మా అమ్మోళ్ళ ఊరికి. ఆయన పేరు కొట్టేయండి. ఆడికి గూడా పోలీసులు వస్తారని నిద్ర పోవడంలా. ఇది మీకిచ్చేస్తే అయిపోతాదని రెండు రోజులు కూర్చోని రాసినాడు" అంది.

కాగితం విప్పాను. ముందు లెక్కపెట్టాను. అవును, ఆమె అలా కాలే నేల మీద నిలబడి ఉండగానే లెక్కపెట్టాను. ముప్పైతొమ్మిది. ఒక్క కొట్టివేత లేదు, ఒక్క అలుకు లేదు. వెనక్కి తిప్పితే గుంట దగ్గర రోజూ మేత వేసిన టైము రాసుకునే చార్టు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం గళ్ళు. ఆ శనివారం పొద్దుటి గడి నిండి ఉంది. ఆ తర్వాతివన్నీ ఖాళీ.

నేను పోలీసుని కాదు, టీచర్ని అని చెప్పాలి. నాలుక చివరిదాకా వచ్చింది. చెప్తే, మరి ఆ రోజు నా మొగుణ్ణి నువ్వెందుకు ఆపినావు అని అడుగుతుంది. పోలీసుల్ని ఆ మాట ఎవరూ అడగరు.

జాకెట్లోంచి ఎర్ర పెన్ను తీసి, ఆఖరి వాక్యం కింద రైటు కొట్టి, సంతకం పెట్టాను.

"ఇంక పిలవరు గదమ్మా?"

"పిలవరు. పో" అన్నాను.

ఆమె మొహం విప్పారింది. అంత పెద్ద బరువు దిగినట్టు ఒక మనిషి నా ముందు ఎప్పుడూ నవ్వలేదు. కాగితం ఇచ్చిన చేతులు రెండూ ఎత్తి, మా నాన్న ఎత్తినట్టే ఎత్తి, దణ్ణం పెట్టింది.

"మీ దయమ్మా" అంది.